టెక్ సందేహాలు: సీవీలో మీ పని కనిపించాలి, పిల్లల ఆనవాలు కాదు

ఈసారి మెయిల్ పెట్టెలో ఫోన్ బ్యాటరీల గోల తక్కువ, సీవీల గోల ఎక్కువ. అందులోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగాల గురించే ఎక్కువమంది అడిగారు. కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారికి వీటికే జవాబులు.

ప్రశ్న: ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలతో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఓ డిజైన్ యాప్‌లో మంచి టెంప్లేట్ చూసి సీవీ చేసుకున్నాను. ఎడమ పక్క ఫొటో, దాని కింద నైపుణ్యాలకు స్టార్ రేటింగ్‌లు. చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తులకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. లోపం ఫైల్‌లో ఉందా, నాలో ఉందా?

జవాబు: మీ సంగతి తెలియదు గానీ, ఫైల్ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ నొక్కి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేర్‌కు మీ సీవీ ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమ పక్క ముక్కా కుడి పక్క ముక్కా కలిసిపోయి ‘బ్రెయిలీ 2019 నుంచి ఓపిక రిసోర్స్ రూమ్’ అన్నట్టు తేలొచ్చు. అసలేమీ పేస్ట్ కాకపోతే మీ సీవీ మొత్తం ఒక బొమ్మ అయిపోయిందన్నమాట. కొన్ని డిజైన్ యాప్‌లలో పీడీఎఫ్ దించుకునేటప్పుడు ‘ఫ్లాటెన్’ అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే జరిగేది ఇదే. ఫోన్ నంబరు, మెయిల్ పేజీ పైనున్న హెడర్‌లో పెట్టకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్, ఫుటర్ల జోలికే పోవు.

ఇక ఆ నక్షత్రాలు. ‘ఓపిక: నాలుగున్నర నక్షత్రాలు’ అని చదివినవాళ్లకు, మిగిలిన ఆ అర నక్షత్రం ఏ పిల్లవాడి దగ్గర అయిపోయిందోనన్న అనుమానం రాదూ? తీసేయండి.

ఒకే కాలమ్‌లో, వర్డ్‌లో, మామూలుగా రాయండి. శీర్షికలకు ఊరికే అక్షరం పెద్దది చేసి బోల్డ్ కొట్టకుండా ‘హెడింగ్ 1’, ‘హెడింగ్ 2’ స్టైల్స్ వాడండి. వేరే ఉద్యోగాలకైతే ఈ మాట ఇంత గట్టిగా చెప్పను. మీ ఉద్యోగానికి మాత్రం ఇది అవసరం. ఈమధ్య ఒకరు నాకు చూడమని పంపిన సీవీలో ‘చూపు లేని విద్యార్థులకు స్క్రీన్ రీడర్‌తో చదివించే పాఠాలు తయారుచేస్తాను’ అని ఉంది. ఆ సీవీనే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఒక్క అక్షరం పలకలేదు! ఎన్‌వీడీఏ ఉచితమే, 2006 నుంచీ ఉన్నదే. అందులో హెచ్ కీ నొక్కితే ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కు గెంతుతుంది. మీ సీవీని కళ్లు మూసుకుని ఒకసారి అలా విని చూడండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కాకుండా ‘సేవ్ యాజ్’లోకి వెళ్లి, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ గడికి టిక్ ఉంచండి. ప్రింట్ దారిలో వెళ్తే ఆ హెడింగ్‌ల శ్రమంతా ఊడిపోతుంది.

ఫైల్ బాగుపడ్డాక విషయానికి వద్దాం. మీరు పంపిన కాపీలో ‘కంప్యూటర్ పరిజ్ఞానం: ఎంఎస్ ఆఫీస్, ఐప్యాడ్’ అని ఒక వరుస ఉంది. ఐప్యాడ్ పిల్లలకే మనకంటే బాగా వచ్చు. మీరు దానితో ఏం చేశారన్నది రాయండి. ‘ఒక్క వేలు మాత్రమే కదిలించగల విద్యార్థి కోసం స్విచ్ కంట్రోల్ అమర్చి, స్కానింగ్ వేగాన్ని తన చేతికి అందేంత తగ్గించాను’ అంటే అది పని. (తెర మీది గళ్లు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతుంటే, కావలసింది వచ్చినప్పుడు ఒక్క బటన్ నొక్కి ఎంచుకునే ఏర్పాటే స్విచ్ కంట్రోల్.) ‘ప్రొలోక్వో2గోలో (గళ్లను తాకితే మాటలు పలికే యాప్) పదాల గళ్లను ఆ బిడ్డ రోజూ వాడే మాటలతో మళ్లీ పేర్చాను’ అంటే అదీ పనే.

పెక్స్ శిక్షణ పొందానన్నారు. బొమ్మల కార్డులు ఇచ్చి కావలసింది అడిగే ఈ పద్ధతిలో 6 దశలున్నాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. మరి మీ సీవీలో దశ మాటే లేదేం? మొదటి దశలో పిల్లలు ఒక్క కార్డు ఎదుటివాళ్ల చేతిలో పెట్టి వస్తువు తీసుకుంటారు. నాలుగో దశకొచ్చేసరికి ‘నాకు కావాలి’ కార్డూ వస్తువు కార్డూ పట్టీ మీద పేర్చి వాక్యంగా అందిస్తారు. ‘పెక్స్ తెలుసు’ అని వదిలేయకుండా ఇలా రాసి చూడండి: ‘దాహమేస్తే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్లే విద్యార్థితో పెక్స్ మొదటి దశ మొదలుపెట్టాను. రెండు టర్మ్‌లకు నాలుగో దశ చేరాడు. వాక్యపు పట్టీ తనే పేర్చి తెచ్చి నీళ్లు అడుగుతున్నాడు.’ ఈ పని తెలిసినవాళ్లు ఇంటర్వ్యూ చేస్తే, ‘అంకితభావం’, ‘మక్కువ’ లాంటి పది మాటలకంటే ఈ మూడు వాక్యాల దగ్గరే ఆగుతారు. రెండో దశలో ఎక్కడ ఇబ్బంది పడ్డారని అడుగుతారు కూడా. సిద్ధంగా ఉండండి.

ప్రశ్న: సీవీతో పాటు నేను పాఠం చెప్పే వీడియోలు, పిల్లల ప్రగతి నివేదికలు డ్రైవ్‌లో పెట్టి లింకు ఇద్దామనుకుంటున్నాను. నివేదికల్లో పేర్ల మీద నల్ల పట్టీలు వేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసినంత మాత్రాన కింద ఉన్న అక్షరాలు పోవు. ఆ చోటును సెలెక్ట్ చేసి కాపీ కొట్టి చూడండి, పేరు బయటికొచ్చేస్తుంది. వర్డ్‌లో ఫొటోను క్రాప్ చేసినా అంతే, కత్తిరించిన ముక్క ఫైల్‌లోనే దాక్కుని ఉంటుంది. ‘కంప్రెస్ పిక్చర్స్’లోకి వెళ్లి కత్తిరించిన భాగాలను తీసేయమని విడిగా చెప్పాలి. 2023లో పిక్సెల్ ఫోన్లలో, విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో బయటపడ్డ లోపం గుర్తుందా? క్రాప్ చేసి పంపిన స్క్రీన్‌షాట్‌ల నుంచి తీసేసిన భాగాన్ని తిరిగి రాబట్టగలిగారు. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు గానీ, అప్పటికే పంపేసిన బొమ్మలు పంపినట్టే ఉన్నాయి.

అసలు నివేదికలే పెట్టకండి. అవి ఆ బిడ్డవి, మీవి కావు. వాటి బదులు మీరు తయారుచేసిన ఖాళీ నమూనాలు పెట్టండి: బొమ్మల టైమ్‌టేబుల్, పరిశీలన పట్టిక, మీరు కల్పించి రాసిన ఒక మాదిరి ప్రణాళిక. దాని మీద ‘కల్పితం’ అని స్పష్టంగా వేయండి. వీడియో పెట్టి తీరాలనుకుంటే మీ చేతులూ, సామగ్రీ మాత్రమే కనిపించేలా పిల్లలు లేని గదిలో తీయండి. తల్లిదండ్రులు ఒప్పుకున్నారన్నా నేను వద్దనే అంటాను. తరగతి గదిలో వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మీ ఉద్యోగ వేటకు వర్తించదు.

పైన రాసిన పెక్స్ ఉదాహరణలో నేను వయసు రాయలేదు, గమనించారా? సీవీలో బడి పేరు ఉంటుంది, ఏ సంవత్సరమో ఉంటుంది. వాటికి ‘ఏడేళ్ల బాబు’, ఒక అరుదైన సిండ్రోమ్ పేరు తోడైతే ఆ బిడ్డ ఎవరో ఆ బడి తెలిసినవాళ్లు ఇట్టే పోల్చేస్తారు. అరుదైన సిండ్రోమ్ పేరు వదిలేసి అవసరాన్ని రాయండి: మాటలు రాని, చూపు తక్కువైన, చక్రాల కుర్చీ వాడే. మీరు చేసిన పని ఎంత వివరంగానైనా చెప్పండి. బిడ్డ గురించి మాత్రం ఆచితూచి చెప్పండి. పంపే ముందు వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ వరసగా నొక్కండి. పాత కామెంట్లు, ట్రాక్ చేసిన మార్పులు ఉంటే చూపిస్తుంది. నాకొచ్చిన ఒక సీవీలో ‘ఈ కోర్సు నువ్వు పూర్తి చేయలేదు కదా?’ అన్న స్నేహితురాలి కామెంట్ అంచున అలాగే వేలాడుతోంది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని బడుల్లో ఎస్ఈఎన్ (ప్రత్యేక విద్యావసరాల) టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. నా ఫేస్‌బుక్ కూడా చూస్తారట, నిజమేనా? మధ్యలో మూడేళ్లు మా అబ్బాయిని చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను. ఆ ఖాళీని సీవీలో ఎలా కప్పిపుచ్చాలి?

జవాబు: ముందు ఒక సంగతి. అక్కడ ఉత్త సీవీతో పని జరగదు. పిల్లల భద్రతపై ప్రభుత్వం బడులకు ఇచ్చే మార్గదర్శకం ప్రకారం సీవీ ఒక్కటే వస్తే తీసుకోకూడదు, పూర్తి దరఖాస్తు ఫారం ఉండాలి. కాబట్టి సీవీని మీ దగ్గర అసలు ప్రతిగా ఉంచుకోండి. ఫారంలోని గళ్లలోకి దాన్నుంచే కాపీ చేసుకోవచ్చు. తేదీలు నెలతో సహా రెండింటిలోనూ ఒక్కటే ఉండాలి. తేడా వస్తే వివరణ అడుగుతారు.

ఖాళీని కప్పిపుచ్చొద్దు. పని చేయని కాలం గురించి అడిగి తెలుసుకోవడం అక్కడ నియామకంలో భాగమే. సంవత్సరాలు మాత్రమే రాసి నెలలు దాచేస్తే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. ‘ఏప్రిల్ 2020 – మే 2023: కుటుంబ సభ్యుని సంరక్షణ’ అంటే చాలు. మీ అబ్బాయికి ఏముందో రాయనక్కర్లేదు. ఆ మూడేళ్లలో మీరు నేర్చుకున్నది ఉద్యోగానికి పనికొస్తే, శిక్షణ కింద రాయండి, అదీ మీ సొంత పనిగా.

ఫేస్‌బుక్ సంగతి నిజమే. షార్ట్‌లిస్ట్ అయినవాళ్ల గురించి ఆన్‌లైన్‌లో వెతకడం ఆలోచించమని 2022 నుంచి ఆ మార్గదర్శకంలో ఉంది. ప్రైవేట్ విండో తెరిచి, ఏ అకౌంట్‌లోనూ లాగిన్ కాకుండా, మీ పూర్తి పేరును కోట్స్‌లో పెట్టి వెతకండి. తర్వాత పాత బడి పేరు జోడించి ఇంకోసారి. మీ రాజకీయ పోస్టుల గురించి అంత కంగారు పడకండి. పాత తరగతి పిల్లలతో దిగిన ఫొటోలే అసలు తలనొప్పి. వాటిని స్నేహితులకే పరిమితం చేయడం కాదు, తీసేయండి. ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒకేసారి పరిమితం చేసే సెట్టింగ్ ఉంది గానీ, వేరేవాళ్లు పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేసినవి వాళ్లు తీయాల్సిందే.

‘సంబంధిత వ్యక్తులకు’ అని ఎవరో రాసిచ్చిన పాత సిఫారసు లేఖను స్కాన్ చేసే శ్రమ మానండి. అలాంటివి తీసుకోవద్దనే ఆ మార్గదర్శకం చెబుతుంది. పాత హెడ్ టీచర్‌ను ముందే అడిగి, బడి అధికారిక మెయిల్ ఐడీ ఇవ్వండి.

ఇంకొకటి. అక్కడి 2015 నాటి నియమావళి పిల్లల అవసరాలను 4 భాగాలు చేసింది: మాట, నలుగురితో మెలగడం ఒకటి; ఆలోచన, నేర్చుకోవడం రెండు; సామాజిక, భావోద్వేగ, మానసిక ఆరోగ్యం మూడు; ఇంద్రియాలు, శరీరం నాలుగు. మీ అనుభవాన్ని ఆ నాలుగింటి కింద పేర్చి చూడండి. చదివేవాళ్లు రోజూ వాడే గళ్లే అవి.

ప్రశ్న: సీవీ చాట్‌జీపీటీతో రాయించొచ్చా?

జవాబు: భాష దిద్దించుకోండి, తప్పు లేదు. పిల్లల ఐఈపీలు (ఒక్కో బిడ్డకు విడిగా రాసే విద్యా ప్రణాళికలు) మాత్రం అందులో పేస్ట్ చేయకండి. ‘సంక్షిప్తం చేయి’ అని అడగడానికైనా సరే. ఇంకో చిట్కా కూడా తిరుగుతోంది: ప్రకటనలోని మాటలన్నీ తెల్ల అక్షరాల్లో సీవీలో దాచితే సాఫ్ట్‌వేర్ పాస్ చేస్తుందని. పైన చెప్పిన నోట్‌ప్యాడ్ పరీక్షలో ఆ తెల్ల అక్షరాలన్నీ నల్లగా బయటపడతాయి. స్క్రీన్ రీడర్ కూడా వాటిని గట్టిగా చదివి వినిపించేయొచ్చు.

ప్రశ్న: తెలుగులో టైప్ చేసిన నా అనుభవ పత్రం అవతలివాళ్ల కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తోందట.

జవాబు: పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసి ఉంటారు. అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని చోట తెలుగు కనిపించదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, నిర్మలా యూఐ ఫాంట్‌లోనో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లోనో పెట్టి మళ్లీ పీడీఎఫ్ చేయండి. మార్చాక వత్తులూ, సున్నాలూ ఒకసారి కళ్లతో సరిచూసుకోండి. కన్వర్టర్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే.