బరోక్ వాద్యబృందాలు కచేరీ మధ్యలో మళ్లీ మళ్లీ శ్రుతి ఎందుకు చేసుకుంటాయి?

బరోక్ అంటే సుమారు 1600 నుంచి 1750 వరకు నడిచిన ఐరోపా సంగీత శైలి. దాన్ని ఆనాటి పద్ధతిలో వాయించే ఈ బృందాల వయొలిన్లకు కట్టేవి గొర్రె పేగుతో పేనిన తీగలు కాబట్టి, గాలిలో తేమ, వేడి కాస్త మారినా శ్రుతి తప్పుతాయి. పేగు తేమను పీల్చుకుంటుంది, పొడిగాలిలో వదిలేస్తుంది. దానితో తీగ బిగువు మారుతుంది. ఉక్కు తీగలకు ఈ బాధ తక్కువే, కానీ పేగు తీగల వెచ్చని, కాస్త గరుకైన నాదం వాటికి రాదు.

1979లో టొరంటోలో మొదలైన టఫెల్‌మ్యూజిక్ వంటి బృందం పర్యటనకు వెళితే ఊరూరా గాలి మారుతుంది, వేదిక మీద దీపాల వేడి సరేసరి. అందుకే రెండు కృతుల మధ్య ఒక స్వరానికి చెవి ఒగ్గి, అందరూ బిరడాలు మెల్లగా తిప్పుతారు. రికార్డింగులో ఆ భాగం ఉంచరు కాబట్టి మనకు వినిపించదు.

వాద్యాలు 300 ఏళ్ల నాటివి కావడమే కారణమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వాటిలో చాలా వాద్యాలు పాత నమూనాలతో ఈ కాలంలో చేసినవే. కొత్త వయొలిన్‌కు పేగు తీగ కట్టినా ఇంతే.