డిటెక్టర్ సర్క్యూట్లు చేస్తానంటున్న అమ్మాయి: ప్రోత్సహించాలా, ఆపాలా?

ఒంగోలు నుంచి ఒక తండ్రి అడిగారు: అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది, స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ కోచింగుల్లో ఉంటే తను మాత్రం న్యూక్లియర్ మెడిసిన్ స్కానర్లలో రేడియేషన్ డిటెక్టర్‌కి ఆనుకుని ఉండే లో నాయిస్ యాంప్లిఫయర్లు (అతి చిన్న సిగ్నల్‌ని, తమ సొంత గోల అంటే నాయిస్ పెద్దగా కలపకుండా పెంచే సర్క్యూట్లు) డిజైన్ చేస్తానంటోంది, ఉద్యోగాలుంటాయా, రేడియేషన్ వల్ల ఒంటికేమైనా అవుతుందా, విదేశాలకు వెళ్లక తప్పదా అని.

ముందు ఆ రేడియేషన్ టెన్షన్ వదిలేయండి సార్. ఈ పని చేసేవాళ్ల రోజు ఎక్కువగా సిమ్యులేషన్లతో, ఆసిలోస్కోప్ ముందు గడుస్తుంది. మొదటి టెస్టులకు రేడియేషన్ సోర్సే అక్కర్లేదు, 1 పికోఫారడ్ కెపాసిటర్ గుండా 5 మిల్లీవోల్టుల పల్స్ పంపితే 5 ఫెమ్టోకూలుంబుల చార్జి లోపలికి వెళ్తుంది, గామా ఫోటాన్ (గామా కిరణపు ఒక్క రేణువు) తగిలినప్పుడు డిటెక్టర్ ఇచ్చేదీ దాదాపు అంతే. తర్వాత చిన్న సీల్డ్ సోర్సులు వాడతారు, వాటికి నిబంధనలున్నాయి, వాడేవాళ్లకు డోస్ కొలిచే బ్యాడ్జి ఇస్తారు.

అసలు పనేంటో మీకూ తెలిస్తే అమ్మాయి ఎందుకింత పట్టుబడుతోందో అర్థమవుతుంది. గుండె, ఎముకల స్కాన్లకు రోగికి ఎక్కించే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం నుంచి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా ఫోటాన్ వస్తుంది. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే స్ఫటికంతో చేసిన డిటెక్టర్లో అది విడిపించేది దాదాపు 30 వేల ఎలక్ట్రాన్లు, అంతే. ఆ చార్జిని కచ్చితంగా కొలిస్తేనే ఫోటాన్ శక్తి తెలుస్తుంది, రోగి శరీరంలో చెదిరిపోయి కొంత శక్తి పోగొట్టుకుని వచ్చిన ఫోటాన్లను ఏరి పారేయగలం, లేకపోతే బొమ్మ మసకబారుతుంది. యాంప్లిఫయర్ సొంత నాయిస్ ఎక్కువైతే ఈ తేడా కనపడదు. సరే అని పల్స్‌ని ఎక్కువసేపు సాగదీస్తే ట్రాన్సిస్టర్ నాయిస్ తగ్గుతుంది కానీ డిటెక్టర్ లీకేజి కరెంటు (ఫోటాన్ రాకపోయినా పారే చిన్న కరెంటు) నాయిస్ పెరుగుతుంది, పైగా వెంటవెంటనే వచ్చే ఫోటాన్ల పల్సులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎక్కడ ఆగాలో తేల్చడమే డిజైనర్ పని. ఇంత అందమైన లెక్కలున్న చోట్లు ఎలక్ట్రానిక్స్‌లో తక్కువే.

ఇక ఉద్యోగాలు. సూటిగా చెప్తున్నా, కచ్చితంగా ఇదే పని కావాలంటే మన దేశంలో సీట్లు చాలా కొద్ది. ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఉంది, న్యూక్లియర్ పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ మన హైదరాబాద్‌లోనే ఉంది, బెంగళూరులో మెడికల్ స్కానర్ల కంపెనీలు జీఈ హెల్త్‌కేర్, సీమెన్స్ హెల్తినీర్స్ ఉన్నాయి. కానీ ట్రాన్సిస్టర్ స్థాయిలో నాయిస్ లెక్కగట్టగలిగిన మనిషి ఏ అనలాగ్ చిప్ కంపెనీకైనా కావాలి. అంతరిక్షంలోనూ ఇదే విద్య: 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎక్స్‌రే ఇమేజర్‌కి డిటెక్టర్ మాడ్యూళ్లు మెడికల్ ఇమేజింగ్ కంపెనీ నుంచే వచ్చాయి. అందుకే నా మాట, ఇప్పుడే మెడికల్ ఇమేజింగ్ అని గిరిగీసుకోకుండా ముందు గట్టి అనలాగ్ ఇంజనీర్ అవ్వమనండి.

బీటెక్‌తో మాత్రం ఇది కుదరదు. గేట్ రాసి ఎంటెక్ చేయాలి, కాలేజీ పేరు కంటే గైడ్ ఎవరు, ఆ ల్యాబ్‌లో విద్యార్థులు నిజంగా చిప్ తయారు చేయించి కొలుస్తారా అన్నది చూడండి. విదేశాలు తప్పనిసరి కాదు, పీహెచ్‌డీ అనుకుంటే మిలాన్ పాలిటెక్నిక్, పోలండ్‌లో క్రాకోలోని ఏజీహెచ్ యూనివర్సిటీ, అమెరికాలో బ్రూక్‌హేవెన్ ల్యాబ్ ఈ విద్యకు పేరున్న చోట్లు, పీహెచ్‌డీకి సాధారణంగా స్టైపెండ్ ఉంటుంది కాబట్టి అప్పు చేసి పంపాల్సిన పని పడదు.

ఈ సెలవుల్లో ఒకటి చేయించండి. సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎల్‌టీస్పైస్ ఉచితం, అందులో చార్జిని వోల్టేజిగా మార్చే చార్జి యాంప్లిఫయర్ గీసి, తర్వాత బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్, ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), ఒక ఆప్ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) కొని వెలుతురు చొరని లోహపు డబ్బాలో కట్టమనండి, ఖర్చు పెద్దగా కాదు. కొలిచిన నాయిస్ లెక్కకన్నా బాగా ఎక్కువ వస్తుంది, ఎవరికైనా అంతే. కారణం సోల్డర్ ఫ్లక్స్ సరిగా తుడవక బోర్డు మీద లీకేజి కావచ్చు, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ కావచ్చు, టేబుల్ తట్టినా కదిలే వైరు కావచ్చు. ఆ కారణం వెతుకుతూ తను తిండి మర్చిపోతే ఆపకండి. రెండో రోజుకే విసుగొస్తే తనకి నచ్చింది పేరు మాత్రమే, అప్పుడు ఎంబెడెడ్ వైపు చూద్దాం.

క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే తీసుకోనివ్వండి, తప్పేం లేదు. గేట్ ప్రిపరేషన్ మాత్రం దాని కోసం ఆపించకండి.