చవక పుస్తకాల నిల్వ కోసం నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 38,000 రూపాయలు వస్తుంది, ఇంటి ఖర్చు 32,000 అవుతుంది. మూడేళ్లుగా పాత తెలుగు పుస్తకాలు, ప్రచురణకర్తల దగ్గర మిగిలిపోయిన ప్రతులు చవకగా కొని, వాట్సాప్‌లో జాబితాలు పంపి, పోస్టు ద్వారా అమ్ముతున్నాను. నెలకు 150 పార్శిళ్లు వెళుతున్నాయి, ఒక్కో పార్శిలులో సగటున రెండు పుస్తకాలు ఉంటాయి. పుస్తకం సగటున 45 రూపాయలకు కొని 110కి అమ్ముతున్నాను కాబట్టి నెలకు 19,500 మిగులుతోంది. ఇప్పుడు గుంటూరులో ఒక పాత ప్రచురణ సంస్థ వారు గోడౌన్ ఖాళీ చేస్తూ, 250 టైటిళ్లు, మొత్తం 10,000 కాపీలు కలిపి 4 లక్షలకు ఇస్తామంటున్నారు. నా పొదుపు 2,60,000 కదపకుండా, నా భార్య నగల మీద 11 శాతం వడ్డీకి, ఏడాది గడువుతో 4 లక్షలు తెచ్చి, ఉద్యోగం మానేసి ఇదే పని పూర్తిగా చేయాలనుకుంటున్నాను. ఖర్చుల పుస్తకం నకలు జతచేశాను. సలహా ఇవ్వగలరు.

సమాధానం: మీరు ఖర్చుల పుస్తకం కూడా పంపడం వల్ల ఊహాగానాలు లేకుండా జవాబు చెప్పే వీలు కలిగింది. ముందుగా నిర్ణయం చెబుతాను. మొత్తం సరుకు కొనవద్దు, నగలు తాకట్టు పెట్టవద్దు, ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. అయితే ఆ గోడౌన్‌కు తప్పకుండా వెళ్లండి, ఎందుకంటే అందులో మీకు పనికివచ్చే భాగం ఉంది.

మీ లెక్కలో 19,500 అన్నది కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మాత్రమే. మీ పుస్తకంలోనే ఉన్న మిగతా పద్దులను అందులోంచి తీసి చూద్దాం. పార్శిలుకు పోస్టేజీ, అట్ట, టేపు కలిపి మీకు సగటున 52 రూపాయలు పడుతుండగా పాఠకుల దగ్గర 30 మాత్రమే తీసుకుంటున్నారు. ఈ 22 రూపాయల తరుగు 150 పార్శిళ్లకు నెలకు 3,300 అవుతుంది. దారిలో పోయినవాటికి, తడిసినవాటికి, తిరిగి వచ్చినవాటికి 1,350 రాశారు. అజిత్‌సింగ్ నగర్‌లోని గది అద్దె 4,000, సాయంత్రాలు ప్యాకింగుకు వచ్చే కుర్రాడికి 3,000. ఇవన్నీ పోగా నిజంగా మిగిలేది 7,850 రూపాయలు. మీ సాయంత్రాలకూ ఆదివారాలకూ ఇందులో పైసా కూడా కట్టలేదు.

ఇక గుంటూరు సరుకు సంగతి. కాపీ 40 రూపాయలకు పడుతోందన్నది వినడానికి బాగానే ఉంటుంది కానీ, చవక పుస్తకాల వ్యాపారంలో కొన్న ధర ఒక్కటే చూస్తే సగం లెక్కే చూసినట్టు. ఆ పుస్తకం మీ గదిలో ఎన్ని నెలలు కూర్చుంటుందన్నది మిగతా సగం. మీరు ఇప్పుడు నెలకు 300 పుస్తకాలు అమ్ముతున్నారు. రేపటి నుంచి మీ పాఠకులు ఈ గోడౌన్ పుస్తకాలు తప్ప మరేవీ కొనరని అనుకున్నా, 10,000 కాపీలు పోవడానికి 33 నెలలు పడుతుంది. అలా జరగదని మీకూ తెలుసు, ఎందుకంటే మీ జాబితా కోసం ఎదురుచూసేవారు అందులో ప్రతి నెలా కొత్తగా ఏం వచ్చిందని చూస్తారే తప్ప, ఒకే సంస్థ పుస్తకాలను ఏడాది పొడవునా కొనరు. అమ్మకాల్లో సగానికి పైగా ఈ సరుకు నుంచే జరిగినా రెండేళ్లలో 4,000 కాపీలు దాటడం కష్టం. అప్పుడు 4 లక్షలను ఆ 4,000 కాపీలే మోయాలి కాబట్టి, మీరు 40 అనుకున్న పుస్తకం 100 రూపాయలది అవుతుంది. అసలు తీర్చకుండా అప్పును పొడిగిస్తూ పోతే రెండేళ్ల వడ్డీ 88,000, అంటే కాపీకి మరో 22. 122 రూపాయలు పడిన పుస్తకాన్ని 110కి అమ్మడం అంటే ప్రతి పార్శిలుతో చేతి డబ్బు కూడా పంపడమే. మిగిలిన 6,000 కాపీలకు విలువ లేదా అంటారేమో. ఉంది, పాత కాగితాల వ్యాపారి తూకం వేసి ఇచ్చేంత ఉంది.

అప్పు గడువు ఏడాది, సరుకు కదలడానికి పట్టేది మూడేళ్లు. వడ్డీ శాతం కంటే ఈ తేడాయే ప్రమాదకరం. నెలకు వడ్డీ ఒక్కటే 3,667 అవుతుంది, మీ నికర మిగులులో దాదాపు సగం. పన్నెండో నెలలో 4 లక్షలు ఒకేసారి కట్టాల్సి వచ్చినప్పుడు, మీ దగ్గర ఉండేవి పుస్తకాలే తప్ప డబ్బు కాదు. ఇదే మాట చీటీ పాడి తెచ్చే డబ్బుకూ, స్నేహితుల దగ్గర చేబదులుకూ వర్తిస్తుంది.

మరి గోడౌన్‌కు ఎందుకు వెళ్లమన్నానంటే, అమ్మేవారి పరిస్థితి మీకంటే ఇబ్బందిగా ఉంది కనుక. వారికి స్థలం ఖాళీ కావాలి. మీరు తీసుకోకపోతే చివరికి ఆ పుస్తకాలు తూకానికే పోతాయి. గుంటూరులో ఆ వారం పాత కాగితం కిలో ఎంత పలుకుతోందో కనుక్కుని వెళ్లండి. కిలోకు నాలుగైదు పుస్తకాలు తూగుతాయనుకుంటే, తూకంలో వారికి కాపీకి ఎంత దక్కుతుందో బేరం మొదలవకముందే మీకు తెలిసి ఉంటుంది. టైటిళ్ల జాబితా ముందే తెప్పించుకుని, మీ మూడేళ్ల అమ్మకాల పద్దుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ రచయితల పుస్తకాలను పాఠకులు అడిగి మరీ తెప్పించుకున్నారో, ఏవి ఆరు నెలలు జాబితాలో ఉన్నా కదల్లేదో అక్కడే తేలిపోతుంది. 40 టైటిళ్లు ఎంచుకుని, ఒక్కోటి 30 కాపీలకు మించకుండా, 1,200 కాపీలకు బేరమాడండి. ఏరుకుంటున్నందుకు 40 బదులు 55 అడిగినా ఇవ్వండి, మొత్తం 66,000 అవుతుంది. చదవని, నలగని ప్రతులు కాబట్టి ధర కొంచెం పెంచి అమ్ముకోవచ్చు, ఆరేడు నెలల్లో డబ్బు తిరిగి వస్తుంది. మిగిలిన టైటిళ్లలో మీకు ఆశ ఉన్నవాటిని అమ్ముడైనంత మేరకే చెల్లించే పద్ధతిలో అడిగి చూడండి. పాత సంస్థలు దీనికి కొత్తవేమీ కావు. గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు కలిపి ఇస్తామంటే మాత్రం ఒక్క కాపీ కూడా వద్దు, సిలబస్ మారిన రోజున వాటికి విలువ ఉండదు.

ఆ 66,000 మీ పొదుపులోంచి తీయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,92,000 పక్కన పెడితే 2,60,000లో మీ చేతికి వచ్చేది 68,000, ఈ కొనుగోలుకు అది సరిగ్గా సరిపోతుంది. అందుకే నేను 1,200 కాపీల దగ్గర ఆగాను.

బేరం కుదిరాక ఒక జాగ్రత్త తీసుకోవాలి. తెలుగులో ఎంతోమంది రచయితలు సొంత ఖర్చుతో అచ్చువేసుకుని, ప్రతులను పంపిణీ కోసం ప్రచురణ సంస్థల దగ్గర ఉంచుతారు. గోడౌన్‌లో ఉన్నంత మాత్రాన అవన్నీ సంస్థ సొంతం కావు. ఏ టైటిళ్లు తమవో, ఏవి రచయితలవో రాయించుకుని, టైటిళ్ల వారీగా బిల్లు తీసుకోండి. సక్రమంగా అచ్చయి, ఒకసారి అమ్ముడైన ప్రతిని తిరిగి అమ్మడానికి 1957 కాపీరైట్ చట్టం అడ్డుచెప్పదు. ఫుట్‌పాత్‌ల మీద దొరికే దొంగ అచ్చుల సంగతి వేరు, వాటిని అమ్మితే జైలు శిక్ష వరకూ వెళ్లవచ్చు. లెనిన్ సెంటర్ వైపు పాత పుస్తకాలు కొనేటప్పుడు మీరు ఈ తేడా గమనిస్తూనే ఉంటారనుకుంటాను.

ఇక అసలు లాభం పెంచే చోటు, అంటే పోస్టేజీ. మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. 2024 డిసెంబరులో, పుస్తకాలను తక్కువ రేటుకు పంపే పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సౌకర్యం ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరూ గగ్గోలు పెట్టారు. తర్వాత 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ ప్రవేశపెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళుతుంది కాబట్టి నిదానంగా చేరుతుంది, కానీ పార్శిలు ఎక్కడుందో తెలుసుకునే వీలుంది. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాల కోసం ఉద్దేశించినది కనుక, మీ జాబితాలోని ఏ రకం పుస్తకాలను అంగీకరిస్తారో మీరు వెళ్లే పోస్టాఫీసులో ముందే అడగండి. నిర్ణీత కాలాల్లో వెలువడే పత్రికలకు ఇది వర్తించదు కాబట్టి మీరు అమ్మే పాత మాసపత్రికల సంచికలు దీనిలో పోవు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలన్న నియమం కూడా ఉంది. అట్ట చిరిగిపోయి మొదటి పేజీలు లేని పాత నవలలతో ఇక్కడ చిక్కు వస్తుంది.

300 గ్రాములకు 20, దానికి పదహారు రెట్లకు పైగా ఉన్న 5 కిలోలకు ఐదు రెట్లే. ఈ రేట్ల అమరికను బట్టే మీ అమ్మకం పద్ధతి మారాలి. పార్శిలు బరువెక్కేకొద్దీ పుస్తకానికి పడే పోస్టేజీ తగ్గుతుంది. కాబట్టి మీరు రెండు పుస్తకాల పార్శిళ్ల సంఖ్య పెంచుకోవడం కంటే, ఉన్న పాఠకుడి చేత మూడో పుస్తకం కొనిపించడం మేలు. ప్రస్తుతం ఒక్కో పార్శిలు మీద మీకు దక్కేది 99 రూపాయలు: 220కి అమ్మి, 90 కొనుబడి, 22 పోస్టేజీ తరుగు, 9 నష్టం తీసేస్తే అంతే. పోస్టేజీ పూర్తిగా వసూలు చేస్తే అది 121 అవుతుంది. పోస్టేజీ వసూలవుతూ, సగటు మూడు పుస్తకాలకు పెరిగితే 180 దాటుతుంది. ఒకే రచయితవి మూడు, ఒకే అంశం మీద మూడు అని కట్టలు కట్టి ఒక ధర పెట్టండి. పోస్టేజీని బరువును బట్టి తీసుకుంటున్నామని జాబితా పైనే రాయండి. తొలి నెలలో కొందరు సణుగుతారు, అంతకు మించి ఏమీ జరగదు.

ఉద్యోగం మానే ప్రశ్నకు కూడా ఈ సంఖ్యలే జవాబు చెబుతాయి. జీతంతో పాటు యజమాని కట్టే పీఎఫ్, ఉంటే గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోతాయి కాబట్టి, వ్యాపారం మీద నెలకు 45,000 నికరంగా రావాలని పెట్టుకుందాం. అద్దె, కుర్రాడి జీతం కలిపి 7,000 స్థిర ఖర్చు ఉంది, అంటే పార్శిళ్ల మీద 52,000 రావాలి. ఇప్పుడున్న పద్ధతిలోనే అయితే దానికి నెలకు 525 పార్శిళ్లు కావాలి. పోస్టేజీ సరిచేస్తే 430. మూడు పుస్తకాల సగటుకు చేరితే దాదాపు 290. మొదటి రెండింటికీ మరో ఇద్దరు మనుషులు, మరో గది అవసరమై లెక్క మళ్లీ మారిపోతుంది, మూడోది మాత్రం మీకు అందే దూరంలో ఉంది. వరుసగా ఏడాది పాటు, అందులోనూ జనవరి పుస్తక మహోత్సవంలో అందరూ కొనేసి మీ అమ్మకాలు పడిపోయే నెలలను కూడా కలుపుకుని, సగటున నెలకు 290 పార్శిళ్లు వెళ్లాక ఉద్యోగం గురించి మళ్లీ రాయండి. ఈలోగా మీ నియామక పత్రంలో వేరే వ్యాపారం చేయకూడదన్న షరతు ఉందేమో చూసుకోండి.

పన్నుల విషయంలో మీకు పెద్ద చిక్కు లేదు. ముద్రిత పుస్తకాలపై జీఎస్టీ లేదు. పన్ను మినహాయింపు ఉన్న సరుకు మాత్రమే అమ్మేవారు జీఎస్టీ చట్టం సెక్షన్ 23 ప్రకారం నమోదు చేసుకోనవసరం లేదు, కాబట్టి పెన్నులు, సంచులు వంటివి జాబితాలో చేర్చి ఆ సౌకర్యం పోగొట్టుకోకండి. ఆదాయపు పన్నులో మీ జీతం, వ్యాపార లాభం కలిపినా కొత్త పద్ధతిలో పన్ను కట్టనక్కరలేని 12 లక్షల పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. అయినా రిటర్ను వేయాలి. వ్యాపార ఆదాయం లేనివారి ఐటీఆర్-1 ఫారం మీకు సరిపోదు, చిన్న వ్యాపారులకు చట్టం అనుమతించే అంచనా లాభం పద్ధతి ఎంచుకుంటే ఐటీఆర్-4 వేయాలి. యూపీఐలో వచ్చిన అమ్మకాలపై కనీసం 6 శాతం లాభం చూపమని చట్టం అంటుంది, మీ అసలు లాభం అంతకంటే ఎక్కువ కాబట్టి అసలుదే చూపండి. రేపు బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ రిటర్నులే మీ తరఫున మాట్లాడతాయి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, అదీ చేసుకోండి. ఏడాది పద్దులు చేతిలో ఉంటే నగల జోలికి వెళ్లకుండా ముద్రా రుణం అడగవచ్చు.

గది గురించి కూడా చెప్పాలి. 10,000 పుస్తకాలను పక్కపక్కన నిలబెడితే, ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటరు మందం అనుకున్నా, 150 మీటర్ల అర కావాలి. మీ గదిలో అవి నేల మీద దొంతరలుగా ఉండక తప్పేది కాదు. 1,200 అయినా సరే, సింగ్‌నగర్‌లో నేల అంతస్తులో ఉంచకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు అక్కడి ఇళ్లు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. వెయ్యి రూపాయలు ఎక్కువైనా మేడ మీద గది చూడండి, పుస్తకాలను గోడకు ఆనకుండా ఇనుప అరల్లో పెట్టండి. నిల్వకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే చిన్న వ్యాపారాల బీమా పాలసీ తీసుకుంటే అగ్నిప్రమాదం, వరద రెండింటికీ రక్షణ ఉంటుంది. చెదలకు మాత్రం బీమా వర్తించదు, కాబట్టి వానాకాలానికి ముందు మందు కొట్టించే ఖర్చును కూడా ఏడాది పద్దులో రాసుకోండి.