సోలో షో గోడ మీద: మీ ప్రశ్నలు, మా జవాబులు

తొలి సోలో షోకి సిద్ధమవుతున్న చిత్రకారుల ప్రశ్నలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. అడిగినవాళ్లంతా బొమ్మ ముందువైపు గురించే అడిగారు. జవాబులు మాత్రం చాలావరకు వెనకవైపు నుంచే చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: నా దగ్గర 30 కాన్వాసులు పూర్తయి ఉన్నాయి. గ్యాలరీ గోడల మొత్తం పొడవు 24 మీటర్లు. అన్నీ పెట్టేయవచ్చా?

వద్దు. ముందు గోడ లెక్క తేల్చండి. తలుపులు, స్విచ్‌బోర్డులు, మంటలార్పే సిలిండరు ఉన్న జాగా తీసేస్తే 21 మీటర్లు మిగిలాయనుకుందాం. బొమ్మ సగటు వెడల్పు 90 సెంటీమీటర్లు, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ 60 వేసుకుంటే ఒక్కోదానికి మీటరున్నర కావాలి. అంటే 14 పడతాయి. ఖాళీని 30కి కుదిస్తే 17 ఎక్కుతాయి గానీ, ఏ బొమ్మ ముందు నిలబడినా పక్కదాని రంగు కంటికొసన తగులుతూనే ఉంటుంది. పెద్ద బొమ్మకి ముందు కూడా జాగా కావాలి. దాని కర్ణానికి కనీసం ఒకటిన్నర రెట్లు వెనక్కి నడిచే వీలుండాలి.

గోడలను 1:20 కొలతలో కాగితం మీద గీయండి. 90 సెంటీమీటర్ల బొమ్మ నాలుగున్నర సెంటీమీటర్ల ముక్క అవుతుంది. ముక్కలు కత్తిరించి ఇంట్లోనే జరిపి చూసుకోండి. ఒకే మాట రెండుసార్లు చెప్పే బొమ్మలుంటే ఒకటి తీసేయండి. సాధారణంగా తీయాల్సింది మీకు బాగా కష్టమైనదే, మనసొప్పదు కానీ.

ప్రశ్న: చిన్నా పెద్దా బొమ్మలు కలిసి ఉన్నాయి. పై అంచులు ఒకే వరుసలో పెట్టాలా, కింది అంచులా? తగిలించాక కొన్ని ముందుకి వంగుతున్నాయి, కారణమేమిటి?

రెండూ కాదు, మధ్యలు కలపాలి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 145 నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం మామూలు పద్ధతి. మీరు 150 ఎంచుకున్నారనుకోండి. 90 ఎత్తున్న బొమ్మకి సగం 45 కలిపితే పై అంచు 195 దగ్గరకి వస్తుంది. ఇప్పుడు బొమ్మ వెనక వైరుని, హుక్కు పట్టే చోట వేలితో బిగుతుగా పైకి లాగి, అక్కడి నుంచి పై అంచుదాకా కొలవండి. 8 వస్తే 195లోంచి అది తీసేయండి. హుక్కు 187 దగ్గర కొట్టాలి. చాలామంది వైరు వదులుగా ఉన్నప్పుడే కొలుస్తారు. అప్పుడు బొమ్మ అనుకున్నదానికంటే కిందికి వేలాడుతుంది, గోడకి రెండో చిల్లు పడుతుంది.

ఇంకోటి: ప్రతి బొమ్మకీ నేల నుంచి విడిగా కొలవకండి. నేల వాలుగా ఉంటే వరుస కూడా వాలిపోతుంది. లేజర్ లెవల్‌తోనో, లెవల్ చూసి కట్టిన దారంతోనో గోడ మొత్తానికి 150 గీత ఒకటి పెట్టుకుని అక్కడి నుంచి కొలవండి.

వంగడానికి కారణం డి-రింగులు, అంటే ఫ్రేము వెనక వైరు కట్టే డి ఆకారపు లోహపు రింగులు, మరీ కిందికి ఉండటం. ఎత్తులో పైనుంచి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య బిగించాలి. సగానికి దిగితే పైభాగం ముందుకొస్తుంది. అలాగని వైరుని వీణ తీగలా బిగించడమూ తప్పే. హుక్కు దగ్గర వైరు రెండు పాయలుగా దిగుతుంది కదా, ఒక్కో పాయ అడ్డగీతతో 30 డిగ్రీలు చేస్తే 6 కిలోల బొమ్మకి ఆ పాయ మీద పడే లాగుడు 6 కిలోలే. కోణం 10 డిగ్రీలకి పడిపోతే అదే బొమ్మకి 17 కిలోలు దాటుతుంది. ఆ బలం ఫ్రేము నిలువు చెక్కలను లోపలికి లాగుతుంది, మూలల అతుకులు విడతాయి, స్క్రూలు ఊడతాయి. మీటరు కంటే వెడల్పైన బొమ్మకి వైరే వద్దు. రెండు డి-రింగులనీ నేరుగా రెండు హుక్కులకి తగిలించండి, జరగదు, ఒరగదు. కింది రెండు మూలల వెనక రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది. చెమ్మ గోడలకి ఇది తప్పనిసరి.

కంటి ఎత్తు నియమాన్ని కావాలని తప్పినవాళ్లూ ఉన్నారు. 1961లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీలో తన ప్రదర్శనకి అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో పెద్ద కాన్వాసులను నేలకి వీలైనంత దగ్గరగా, ఆరంగుళాలకి మించని ఎత్తులో పెట్టమన్నాడు. చూసేవాడు బొమ్మ ఎదుట కాకుండా బొమ్మలో ఉన్నట్టు అనిపించాలని ఆయన కోరిక. మీ బొమ్మలకి అలాంటి అవసరం ఉంటే అన్నింటికీ అదే చేయండి. ఒక్కటి మాత్రమే కిందికి ఉంటే పొరపాటున జారినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: కాన్వాసులు వదులయ్యాయి. వెనకనుంచి నీళ్లు చల్లితే బిగుస్తాయంటున్నారు, నిజమేనా?

ఆరేటప్పుడు బిగుస్తుంది, గాలిలో తేమ మారగానే మళ్లీ వదులవుతుంది. కాన్వాసుకి ముందుగా వేసే జిగురు పూత మీద గీసిన ఆయిల్ బొమ్మకైతే ఆ నీళ్లు పూతని ఉబ్బించి రంగు పెచ్చులూడేలా చేయగలవు. దాని జోలికి పోవద్దు.

స్ట్రెచర్, అంటే కాన్వాసుని లాగి కట్టే చెక్క చట్రం, మూలల్లో గాడులుంటే వాటిలో దూర్చే చెక్క చీలలు, కీస్ అంటారు, మూలకి రెండు చొప్పున ఎనిమిది ఉంటాయి. చీలకీ కాన్వాసుకీ మధ్య అట్టముక్క పెట్టి, చిన్న సుత్తితో అన్నింటినీ సమానంగా, ఒక్కో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ రండి. ఢంకాలా మోగేదాకా కొట్టకండి. మూలల నుంచి ఐమూలగా పగుళ్లొస్తాయి. తర్వాత చీలలకి టేపు వేయండి. ఊడిన చీల జారి కింది చెక్కకీ కాన్వాసుకీ మధ్య ఇరుక్కుంటే ముందువైపు చిన్న ఉబ్బు కనిపిస్తుంది, కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే రంగు పగులుతుంది. గాడులు లేకుండా మూలలు మేకులతో బిగించేసిన చట్రమైతే పిన్నులు పీకి మళ్లీ లాగి కట్టడమే దారి.

ప్రశ్న: షో వచ్చే నెల. పోయిన నెల వేసిన ఆయిల్ బొమ్మల్లో ముదురు రంగులు అక్కడక్కడా మెరుపు లేకుండా చచ్చినట్టున్నాయి. వార్నిష్ కొట్టేయవచ్చా?

ఆయిల్ రంగు ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది. పైన ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది. డామర్ అనే చెట్టు బంకతో చేసే వార్నిష్ లాంటి సంప్రదాయ రకాలకి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమనేది అందుకే. తొందరపడితే కింది పొర కదిలేటప్పుడు పైన గట్టిపడిన పొర పగలవచ్చు, లేదా వార్నిష్ రంగులో కలిసిపోయి రేపు తీయాలన్నా విడిగా రాదు.

మీ బొమ్మల్లో మెరుపు పోయిన చోట్ల నూనెని కింది పొర పీల్చేసుకుంది. అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు) లాంటి రంగుల్లో ఇది ఎక్కువ. షో కోసం రీటచ్ వార్నిష్, అంటే రంగు పూర్తిగా ఆరకముందే వేసే తాత్కాలిక వార్నిష్, పలుచగా ఒక్క పొర చాలు, మెరుపు ఒకే తీరుకొస్తుంది. రంగు అన్నింటికంటే మందంగా ఉన్నచోట గోటితో నొక్కి చూడండి. గుర్తు పడితే అది కూడా కొట్టకండి. ఫొటోలన్నీ వార్నిష్‌కి ముందే తీయించుకోండి, తర్వాత మెరుపుతో తల పగలగొట్టుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆక్రిలిక్ బొమ్మ విప్పేసరికి బబుల్ ర్యాప్ బుడగల అచ్చులు పడ్డాయి. పోతాయా?

పైపైన పడినవైతే, వెచ్చని గదిలో మీద ఏమీ తగలకుండా వెల్లకిలా ఉంచితే కొన్ని రోజుల్లో తగ్గే అవకాశముంది. లోతుగా దిగినవి పోవు. ఆక్రిలిక్ ఒక రకం ప్లాస్టిక్, వేడికి మెత్తబడుతుంది. మూసిన వాహనంలో, పైన బరువుతో ఉంటే ముద్ర పడక మానదు. బుడగలు ఎప్పుడూ బయటివైపుకే ఉండాలి, లోపల సిలికాన్ పూత ఉన్న రిలీజ్ పేపర్ ఉండాలి. ఇంకా మంచిది, నాలుగు మూలలకీ ఎత్తైన అట్ట తొడుగులు వేసి ముఖానికి ఏదీ తగలకుండా చేయడం. రెండు ఆక్రిలిక్ బొమ్మలను ముఖాముఖీ పెట్టారంటే అతుక్కుంటాయి, విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదానితో వస్తుంది.

ప్రశ్న: లైట్లు వేయగానే బొమ్మలో రంగు కాక బల్బు కనిపిస్తోంది.

లైటు కిరణం నిలువుగీతతో 30 డిగ్రీలు చేస్తూ బొమ్మ మధ్యలో పడాలి. లైట్ల పట్టీ 3.3 మీటర్ల ఎత్తులో, బొమ్మ మధ్య 1.5లో ఉంటే పట్టీ గోడకి దాదాపు ఒక మీటరు దూరంలో ఉండాలి. ఇంకా దూరం జరిపితే మెరుపు కంట్లో కొడుతుంది, చూసేవాళ్ల నీడ బొమ్మ మీద పడుతుంది. మరీ దగ్గరైతే ఫ్రేము నీడ పై అంచున గీతలా దిగుతుంది, రంగు గట్లు కొండల్లా కనిపిస్తాయి. బల్బుల సీఆర్ఐ, అంటే రంగులను ఎంత సహజంగా చూపిస్తాయో చెప్పే అంకె, 90కి తగ్గకూడదు. అన్నీ ఒకే కెల్విన్‌వి, అంటే వెలుతురు ఛాయ (పసుపా, తెలుపా) ఒకటే ఉన్నవి, కావాలి. ఆయిల్, ఆక్రిలిక్‌లకి 200 లక్స్ (పడే వెలుతురు కొలత) వరకు ఫర్వాలేదు. కాగితం మీది నీటిరంగులకి 50 దాటనివ్వకండి, వెలిసిన రంగు తిరిగి రాదు.

ప్రశ్న: గ్యాలరీ సగం కమిషన్ అంటోంది. ఒప్పుకోవచ్చా?

సగం మామూలే. గొడవ వచ్చేది డిస్కౌంటు దగ్గర. ధర 100 అనుకోండి, గ్యాలరీ కొనేవారికి 10 తగ్గించింది. తగ్గింపు ఇద్దరూ పంచుకుంటే చెరి 45. గ్యాలరీ అసలు ధర మీదే సగం తీసుకుంటే మీకు మిగిలేది 40. ఏ లెక్కో కాగితం మీద ఉండాలి. ఫ్రేము ఖర్చు ముందే తీసేస్తారా, కొన్నవారు కట్టిన ఎన్ని రోజులకి మీ వాటా ఇస్తారు, మీ గోడ నుంచి బయల్దేరి తిరిగి మీ గోడకి చేరేదాకా బీమా ఎవరిది, ఇవి కూడా రాయించండి. ప్రతి బొమ్మ పేరు, సైజు, ధరతో జాబితా జతచేసి ఇద్దరూ సంతకం పెట్టండి. అప్పగించేటప్పుడు నాలుగు మూలలూ ఫొటో తీసుకోండి, దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: లేబుల్ మీద ఏమేం రాయాలి, ఎటువైపు పెట్టాలి?

పేరు, సంవత్సరం, మాధ్యమం, సైజు. సైజులో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. బొమ్మకి కుడిపక్కన, అన్నింటికీ ఒకే ఎత్తులో. అదే వివరం బొమ్మ వెనక చట్రం చెక్క మీద పెన్సిల్‌తో రాసి సంతకం పెట్టండి. కాన్వాసు వెనక మార్కర్‌తో రాస్తే సిరా ముందుకి ఊరవచ్చు.