తాతల నాటి దస్తావేజులో గంజాం జిల్లా

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. నాయనమ్మ పోయిన తరువాత ఆవిడ భోషాణం సర్దుతుంటే అడుగున ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1340 నాటి శిస్తు రసీదు, మడతల దగ్గర చిరిగిపోతున్న ఒక క్రయ దస్తావేజు దొరికాయి. రెండింటిలోనూ మా ముత్తాత పేరే ఉంది. ఊరు కూడా మాదే, కాని దస్తావేజులో ‘గంజాం జిల్లా చికాకోలు తాలూకా’ అని రాశారు. అంటే మా పూర్వీకులు ఒడిశా నుంచి వచ్చినవారా? ఇంకో సందేహం. మా ఇంటిపేరే ఉన్న పక్క వీధివారిలో, అదే కాలంలో, అదే పేరు గల మనిషి ఒకాయన రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగి రాలేదట. ఆయనా మా ముత్తాతా ఒక్కరేనా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మీవాళ్ళు ఒడిశా నుంచి వచ్చారని ఆ దస్తావేజు చెప్పడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా చికాకోలు (నేటి శ్రీకాకుళం), టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాకే చెందేవి. ఆ తరువాత అవి విశాఖపట్నం జిల్లాలో చేరాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే మీ ఊరు ఉన్నచోటనే ఉండి మూడు జిల్లాల పేర్లు చూసింది. ఇక ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం తెలుస్తుంది. ఫసలీ జులైలో మొదలవుతుంది కనుక మీ రసీదు 1930 జులైకీ 1931 జూన్‌కీ మధ్యది. ఆనాటి సర్కారు కాగితాల కోసం వెతికేటప్పుడు గంజాం పేరుతోనే వెతకాలి. ఆ జిల్లా పాత రికార్డులు కొన్ని చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరకవచ్చు.

రెండో సందేహం చాలా ముఖ్యమైనది, ఎందుకంటే మన జిల్లాల్లో వంశవృక్షాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సింహాద్రి అప్పన్న పేరున అప్పలనాయుళ్ళు, శ్రీకూర్మం స్వామి పేరున కూర్మారావులు, పైడితల్లి పేరున పైడిరాజులు ఏ ఊళ్ళో చూసినా పదిమంది కనిపిస్తారు. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. ముగ్గురు అన్నదమ్ములూ తమ పెద్దకొడుకులకు తండ్రి పేరే పెట్టుకుంటే, ఒకే ఇంటిపేరుతో ఒకే పేరుగల ముగ్గురు పిల్లలు ఒకే ఊళ్ళో పెరుగుతారు. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన ఇద్దరినీ ఒక్కరిగా రాసెయ్యకండి. వారు పెదనాన్న, చిన్నాన్న పిల్లలై ఉండే అవకాశమే ఎక్కువని నా నమ్మకం.

దస్తావేజును మళ్ళీ ఒకసారి, ఈసారి చెక్కుబందీ దగ్గర ఆగి చదవండి. తూర్పున ఫలానావారి మడి, దక్షిణాన ఫలానావారి గట్టు అని నాలుగు హద్దులూ రాసి ఉంటాయి. అన్నదమ్ములు వాటాలు పంచుకున్న భూమి పక్కపక్కనే ఉంటుంది కనుక, ఆ హద్దుల్లో మీ ఇంటిపేరు కనిపిస్తే అది మీ ముత్తాత సోదరుడిదో, చిన్నాన్నదో కావచ్చు. ముత్తాత పేరు పక్కన తండ్రి పేరు, చివర సంతకమో వేలిముద్రో, సాక్షుల పేర్లు కూడా వరుసగా రాసుకోండి. పక్క వీధివారి పెద్దాయన తండ్రి పేరు వేరైతే అక్కడితో సందేహం తీరినట్టే. తండ్రి పేరు కూడా కలిస్తే ఆయన రంగం వెళ్ళిన సంవత్సరం అడగండి. ఆయన వెళ్ళిన తరువాత ఊళ్ళో రాసిన దస్తావేజు మీద మీ ముత్తాత వేలిముద్ర ఉంటే ఇద్దరూ వేర్వేరు మనుషులే. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఎంతోమంది కాలినడకన తిరిగి బయలుదేరారు, దారిలోనే పోయినవారూ చాలామంది ఉన్నారు. కనుక ‘తిరిగి రాలేదు’ అన్న మాట వెనుక ఏముందో ఆ ఇంటి పెద్దావిడను నిదానంగా, ఆవిడ మనసు కష్టపెట్టకుండా అడగండి. సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరి పేర్లు తలుచుకుంటారో కూడా అడగండి. ఆ పేర్ల వరుస తప్పకుండా గుర్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే రాయండి.

జమీందారీల రద్దు తరువాత జరిగిన సెటిల్‌మెంటులో ఏ సర్వే నంబరు ఎవరి పేరున నమోదైందో తహసీల్దారు కార్యాలయంలోని ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరులో చూడవచ్చు. దస్తావేజుకు మాత్రం సెలోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ముందుగా పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: వంశవృక్షంలో కోడళ్ళ పుట్టింటి పేర్లు అవసరం లేదని మా పెద్దలు అంటున్నారు. రాయాలా? (ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: తప్పకుండా రాయాలి. తర్పణాల్లో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వలనూ, మాతామహుడి (తల్లికి తండ్రి) వైపు మూడు తరాలనూ తలుచుకునే సంప్రదాయం మనకు ఉంది, పెద్దలకు ఆ మాట గుర్తు చేయండి. పైగా మన వైపు మేనరికాలు ఎక్కువ. మేనమామ కూతురు కోడలై వచ్చిన ఇంట్లో ఒకే కుటుంబం రెండు కొమ్మల మీద కనిపిస్తుంది. ఆమె పుట్టింటి పేరు లేకపోతే ఆ రెండు కొమ్మలూ ఎక్కడ కలిశాయో మీ మనవలకు తెలిసే దారి ఉండదు. అత్తగారి పేరే కోడలికీ ఉన్నందున ఆమెను మరో పేరుతో పిలిచిన ఇళ్ళూ ఉన్నాయి, కాబట్టి పుట్టింటి పేరుతో పాటు పుట్టింటివారు ఆమెను పిలిచిన పేరు కూడా అడిగి రాసుకోండి.