కనీస వేతనం పెంచితే ఆర్థిక వృద్ధి తగ్గుతుందా? పలాస జీడిపప్పు కూలి పట్టీలు చూసినవాడిగా నా సమాధానం

“కనీస వేతనాన్ని ప్రభుత్వం పెంచుకుంటూ పోతే చిన్న పరిశ్రమలు తట్టుకోలేక మూతపడతాయి, ఉన్న పని కూడా పోతుంది, చివరకు రాష్ట్ర ఆర్థిక వృద్ధే దెబ్బతింటుంది కదా” అని మీరు అడిగారు. శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమలకు నేను చాలాకాలంగా లెక్కలు రాస్తున్నాను. మస్టర్లు (హాజరు పుస్తకాలు), కూలి పట్టీలు, పీఎఫ్ చలానాలు నా చేతి మీదుగానే వెళ్తాయి కాబట్టి, ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోకన్నా ముందు శనివారం సాయంత్రం కూలి పంచే బల్ల దగ్గర ఎదురైంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. కూలి పెరిగితే వృద్ధి తగ్గుతుందా లేదా అన్నది, అంతకుముందు ఆ కూలిని ఎవరు, ఏ బలంతో నిర్ణయిస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కూలివాళ్లకు మరో దారి లేనిచోట కూలి పెరగడం వృద్ధికి అడ్డు కాకపోగా, చాలా సందర్భాల్లో దానికి ఊతమే ఇస్తుంది.

మీ ప్రశ్న వెనుక ఉన్న తర్కం తెలిసినదే. ధర పెరిగితే కొనుగోలు తగ్గుతుంది, కాబట్టి కూలి పెరిగితే యజమాని మనుషులను తగ్గించుకుంటాడు. ఈ తర్కంలో తప్పు లేదు కానీ, కూలి అప్పటికే పని విలువకు సమానంగా ఉందన్న భావన దాని అడుగున ఉంది. పలాస చుట్టుపక్కల పల్లెల నుంచి జీడిపప్పు పనికి వచ్చేవారిలో అత్యధికులు మహిళలు. ఇంటిపని, పిల్లలు, ముసలివాళ్లు, ఆటో ఖర్చు అన్నీ చూసుకుంటే వాళ్లు వెళ్లగలిగిన దూరం చాలా తక్కువ. ఆ దూరంలో ఉన్న పరిశ్రమలన్నీ కిలో పప్పు తొక్క తీయడానికి దాదాపు ఒకే రేటు ఇస్తాయి. ఒక పరిశ్రమలో నచ్చకపోతే పక్క పరిశ్రమకు వెళ్లవచ్చు, కానీ అక్కడా అదే రేటు. అటువంటి చోట కూలి పని విలువను బట్టి కాక, అవతలివాళ్ల అవసరాన్ని బట్టి స్థిరపడుతుంది. అర్థశాస్త్రంలో దీనికి యజమానుల గుత్తాధిపత్యం అని పేరుంది. ఆ పరిస్థితిలో కూలిని కొంతవరకు పెంచినా యజమానికి ఇంకా లాభం మిగులుతుంది, మనిషిని మానిపించాల్సిన అవసరం రాదు. పైగా, అంత తక్కువకు రాలేక ఇంట్లోనే ఉండిపోయిన మరికొందరు పనికి వస్తారు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. షెడ్యూలులో, అంటే చట్టానికి జతచేసిన జాబితాలో, చేర్చిన ఒక్కొక్క రంగానికి వేతనాన్ని నిర్ణయించి, ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని అది చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో ధరల సూచీని బట్టి కరువు భత్యం కలుస్తుంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు, ఒక కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా (ఒక యూనిట్ అంటే ఒక పెద్ద మనిషి అవసరం) లెక్కవేసి, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు కలిపి వేతనం కట్టాలని ప్రమాణం పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం వంటి వాటి కోసం మరో 25 శాతం చేర్చాలంది. అంతకుముందే, 1982లో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇంత ఉన్నత ప్రమాణాలు ఉన్న దేశంలో, 2019లో నిపుణుల సంఘం రోజుకు 375 రూపాయల జాతీయ కనీస వేతనాన్ని సిఫారసు చేస్తే, కేంద్రం అప్పటివరకు ఉన్న 176 రూపాయలను 178 చేసి ఊరుకుంది. ఆ రెండు రూపాయల పెంపు చూసినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కాగితం మీది వేతనానికీ చేతికందే వేతనానికీ మధ్య ఏం జరుగుతుందో నేను దగ్గర నుంచి చూశాను. జీడిపప్పు తొక్క తీసే పనికి కూలి కిలో లెక్కన ఇస్తారు. కిలో లెక్కన పని చేసినా, ఆ పనికి ప్రభుత్వం రోజు వేతనం మాత్రమే ప్రకటించి ఉంటే, రోజుకు ఆ కనీస వేతనం తగ్గకూడదని 1948 చట్టంలోని 17వ సెక్షన్ చెప్పేది. ఒక పరిశ్రమలో దీన్ని ఎలా దాటేవారంటే, నెలంతా ఆదివారాలు తప్ప మానకుండా పని చేసిన మనిషికి కిలోల లెక్కన వచ్చిన మొత్తాన్ని తీసుకుని, దాన్ని ప్రభుత్వం ప్రకటించిన రోజు వేతనంతో భాగించేవారు. ఎన్ని రోజులు వస్తే అన్ని రోజులే ఆమె పనికి వచ్చినట్టు మస్టరులో పడేది. మిగిలిన రోజులకు గైర్హాజరు. తనిఖీకి వచ్చిన అధికారికి పుస్తకం చూపిస్తే ఏ ఒక్కరికీ ఒక్క రూపాయి తగ్గినట్టు కనబడదు. ఆ లెక్క ప్రకారమే పీఎఫ్ కూడా తక్కువ రోజులకు కట్టేవారు, కాబట్టి ఆమె నష్టం ఆ నెలతో ఆగేది కాదు. 1948 చట్టం కింద తక్కువ ఇచ్చిన మొత్తానికి పది రెట్ల వరకు పరిహారం అడిగే హక్కు కార్మికులకు ఉండేది. కానీ మర్నాడు అదే గేటు దగ్గర నిలబడవలసిన మనిషి ఆ దరఖాస్తు ఎలా పెడుతుంది? కనీస వేతనాలు పెంచినా ఉపాధి తగ్గలేదనో, వృద్ధి పెరగలేదనో మన రాష్ట్రాల గురించి ఎవరైనా చెబితే, అసలు ఆ వేతనం అమలైందా అని ముందు అడగాలి.

మా ప్రాంతంలో కూలి నిజంగా కదిలింది ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల కాదు, ఉపాధి హామీ పథకం వల్ల. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం 2007లో రెండో విడతగా శ్రీకాకుళం జిల్లాకు వచ్చింది. ఎండాకాలంలో ఉపాధి పని జరిగే నెలల్లోనే కొత్త జీడిపిక్కలు కూడా బజారుకు వస్తాయి. పరిశ్రమలో పని మరీ ఎక్కువగా ఉండే రోజుల్లో ఊరి చెరువులో పని దొరకడంతో, “ఆ రేటుకు మేం రాము” అని చెప్పగలిగే స్థితి మహిళలకు మొదటిసారి వచ్చింది. ఉపాధి పని వల్ల మనుషులు దొరకడం లేదని యజమానులు ఆ రోజుల్లో ఎంతగానో బాధపడ్డారు. కానీ వాళ్లు చేసింది కిలో రేటు పెంచడం. పెంచాక మనుషులు వచ్చారు, పరిశ్రమలు నడిచాయి.

ఉత్పాదకత విషయంలో కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వృద్ధికి అసలు మూలం అదే. జీడిపప్పులో విరగని నిండు పప్పుకూ బద్దకూ ముక్కకూ ధరలో చాలా తేడా ఉంటుంది. తొక్క తీసే చెయ్యి తిరిగినదైతే నిండు పప్పు ఎక్కువగా మిగులుతుంది, కొత్త చెయ్యైతే బద్దల గంప నిండుతుంది. కూలి మరీ తక్కువగా ఉన్న రోజుల్లో మనుషులు తరచుగా మానేసేవారు, ప్రతిసారీ కొత్తవాళ్లకు నేర్పించవలసి వచ్చేది, ఆ నష్టం ఏ పద్దులోనూ విడిగా కనబడేది కాదు. రేటు పెరిగాక పాతవాళ్లు నిలబడ్డారు. కొందరు యజమానులు పిక్కలను పెనం మీద వేయించడం మాని ఆవిరి బాయిలర్లు పెట్టుకున్నారు, తొక్క సులువుగా ఊడివచ్చేలా వేడిగాలి డ్రయ్యర్లు కొన్నారు. మనిషి చౌకగా దొరుకుతున్నంతకాలం యంత్రం గురించి వాళ్లు ఆలోచించలేదు. ఆలోచించని ఒకటి రెండు చిన్న పరిశ్రమలు మూతపడ్డ మాట కూడా నిజమే, అక్కడివాళ్లు పక్క పరిశ్రమల్లో చేరారు.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే మీరు నమ్మవలసిన అవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనిపై చాలా గట్టి అధ్యయనం జరిగింది. ఉపాధి కూలి చెల్లింపులను స్మార్ట్‌కార్డుల ద్వారా సక్రమంగా, లీకేజీ తగ్గించి అందించే సంస్కరణను 157 మండలాల్లో, ఏ మండలంలో ముందు ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ పద్ధతిన నిర్ణయించి అమలు చేశారు. మా పొరుగు విజయనగరం జిల్లా కూడా అందులో ఉంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఆ ఫలితాలను పరిశీలించి 2023లో ప్రచురించారు. పథకం సరిగా నడిచిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి కాక బయటి పనుల నుంచే వచ్చింది. బయటి కూలి పెరిగింది, బయటి పని కూడా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఈ పని పెరుగుదల మరీ ఎక్కువగా కనిపించింది. వ్యవసాయేతర చిన్న వ్యాపారాల సంఖ్య కూడా వేగంగా పెరిగింది. భూమి మీద రాబడి మాత్రం తగ్గింది, అంటే ఈ మార్పులో నష్టపోయినవారు కూడా ఉన్నారు, దాన్ని దాచవలసిన పని లేదు.

ఇది కనీస వేతన చట్టం మీద జరిగిన అధ్యయనం కాదని మీరు అనవచ్చు. నిజమే. అయితే అడిగినవారికి నిజంగా దొరికే పని ఒకటి ఉన్నప్పుడు, దానికిచ్చే కూలే ఆ ప్రాంతంలో అమలయ్యే కనీస వేతనమవుతుంది. తనిఖీ అధికారి చేయలేని పనిని అది చేస్తుంది. అందుకే చట్టంలోని అంకె కన్నా ఈ అధ్యయనమే మీ ప్రశ్నకు సూటి సమాధానమని నేను భావిస్తున్నాను.

చిన్న వ్యాపారాలు పెరగడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. కూలి పెరిగిన రూపాయి కాశీబుగ్గ దాటి వెళ్లదు. శనివారం రాత్రి కిరాణా కొట్టు పాత బాకీ తీరుతుంది, ఆదివారం చేపల బజారు నిండుతుంది, జూన్‌లో పిల్లల పుస్తకాలు, బడి ఫీజులు, ఆ తర్వాత కుట్టు మిషన్ వాయిదా. అదే రూపాయి యజమాని దగ్గర మిగిలితే అందులో చాలా భాగం విశాఖపట్నంలో స్థలం మీదికి పోతుంది. పేదల చేతిలో పడిన ఆదాయం ఎక్కువ భాగం వెంటనే, దగ్గరలోనే ఖర్చవుతుంది కాబట్టి స్థానిక గిరాకీ దాని మీదే నిలబడుతుంది.

ఇంత చెప్పాక మీ భయంలో ఉన్న న్యాయాన్ని కూడా ఒప్పుకోవాలి. కేరళలోని కొల్లం ఒకప్పుడు జీడిపప్పు శుద్ధికి దేశంలోనే పేరుపడ్డ కేంద్రం. అక్కడ కార్మిక సంఘాలు బలమైనవి, వేతనాలు మెరుగైనవి. చాలా పరిశ్రమలు సరిహద్దు దాటి, కూలి తక్కువగా ఉన్న తమిళనాడు వైపు తరలిపోయాయి. తర్వాత వియత్నాం చాలావరకు యంత్రాల మీద శుద్ధి చేసి ప్రపంచ బజారులో ముందుకు వెళ్లింది. ధర ఎక్కడో నిర్ణయమయ్యే సరుకులో, గంట దూరంలో చౌక కూలి దొరికే చోట, ఒక్క రాష్ట్రం మాత్రమే వేతనం పెంచితే ఆ నష్టం ఊహాజనితం కాదు. పలాసకు ఒడిశా సరిహద్దు ఎంత దూరం? అందుకే రాష్ట్రాలు ఒకదానితో ఒకటి కూలి తగ్గించుకునే పోటీ పడకుండా దేశమంతటికీ అర్థవంతమైన జాతీయ కనీస వేతనం ఉండాలని నేను గట్టిగా అంటాను. 178 రూపాయల్లాంటి అంకె ఆ పని చేయలేదు. అలాగే, ఒక ప్రాంతంలో సగటు మనిషి సంపాదించే దానికన్నా కనీస వేతనం ఎక్కువైతే చిన్న పరిశ్రమలు రిజిస్టర్ల నుంచే మాయమై, పని ఇళ్లలోకి, కాంట్రాక్టర్ల చేతుల్లోకి జారిపోతుంది. జర్మనీ 2015లో గంటకు 8.50 యూరోల కనీస వేతనం తెచ్చినప్పుడు ఉపాధి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కార్మికులు బలహీనమైన సంస్థల నుంచి మెరుగైన సంస్థలకు మారారు. కానీ అక్కడ వేతనం అమలు చేసే యంత్రాంగం ఉంది, మారడానికి మెరుగైన సంస్థలూ ఉన్నాయి. రెండోది లేనిచోట మొదటిది ఒక్కటే సరిపోదు.

1948 చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూలుతో పని లేకుండా అందరికీ కనీస వేతన హక్కు, కేంద్రం ప్రకటించే జాతీయ కనీస వేతనం కన్నా ఏ రాష్ట్రమూ తగ్గించకూడదన్న నిబంధన, తక్కువ ఇస్తే 50,000 రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. పాత చట్టంలో జరిమానా 500 రూపాయలే. మీరు ఈ విషయం మీద ప్రాజెక్టు రాస్తున్నానన్నారు కాబట్టి, రాష్ట్రం ప్రకటించే రోజు వేతనంతో ఆగిపోకుండా కిలో రేట్లను కూడా సేకరించండి. బాగా చెయ్యి తిరిగిన మనిషి వేగాన్ని బట్టి కాకుండా, సాధారణ కార్మికురాలు ఎనిమిది గంటల్లో ఎంత పప్పు తొక్క తీయగలదో తూకం వేసి, ఆ కిలోలకు వచ్చే డబ్బును రోజు వేతనంతో పోల్చి చూడండి. ఆ తర్వాత మస్టరులో ఆమెకు పడ్డ హాజరునూ, ఆమె నిజంగా వచ్చిన రోజులనూ పక్కపక్కన పెట్టండి.