ఏఐ ప్రమాదాల మీద పనిచేస్తానంటోంది మా అమ్మాయి, అది ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, మార్కులు బాగానే వస్తాయి. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రాస్తోంది. సీఎస్‌ఈలో ఏఐ అండ్ ఎంఎల్ బ్రాంచి తీసుకోమంటే వినదు. ‘ఏఐ తయారుచేయడం కాదు, దానివల్ల వచ్చే ప్రమాదాల మీద పనిచేస్తా, లేకపోతే పబ్లిక్ పాలసీ చదువుతా’ అంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా ఆ వీడియోలే. మాకు టెన్షన్‌గా ఉంది. ఇది ఉద్యోగమేనా? జీతం వస్తుందా? ప్రతిదాంట్లో తప్పులు వెతికి వాదించే పిల్లను ఎలా ఒప్పించాలి?
– ఒక తండ్రి

జవాబు: మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయానండీ. పురుగుమందుల షాపు. మీ అమ్మాయి చేస్తానంటున్న పని ఏమిటో చెప్పడానికి నాకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

మీ ర్యాకులో ఏ డబ్బా తీసుకున్నా దాని మీద ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపైతే అత్యంత విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కంపెనీ తన ఇష్టం వచ్చిన రంగు వేసుకోవడానికి వీల్లేదు. 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది. ఎంత మోతాదు ప్రాణం తీస్తుందో పరీక్షించి చూశాకే రంగు. కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ ఒప్పుకోనిదే కొత్త మందు మీ షాపుదాకా రాదు. అమ్మడానికి మీకు లైసెన్సు కావాలి. మీరో, మీకు తెలిసిన డీలర్లో ‘మేనేజ్’ సంస్థ వారు డీలర్ల కోసం నడిపే ‘దేశీ’ కోర్సు చేసే ఉంటారు. ఆ పరీక్షలు చేసేవాళ్లు, ఆ చట్టం రాసినవాళ్లు, మీ షాపుకు తనిఖీకి వచ్చే అధికారి, అందరూ జీతాలు తీసుకునే పని చేస్తున్నారు కదా. ఏఐకి అలాంటి ఏర్పాటు ఇంకా సగంలోనే ఉంది. దాన్ని కట్టేవాళ్లలో నేనూ ఉంటానంటోంది మీ అమ్మాయి. అంతే.

యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఏఐ చట్టం చూస్తే మీకు నవ్వొస్తుంది. 2024 ఆగస్టు 1న అది అమల్లోకి వచ్చింది, నిబంధనలు ఒక్కొక్కటిగా వర్తిస్తున్నాయి. అందులోనూ దాదాపు మీ నాలుగు రంగులే: అసలు వాడకూడనివి, ప్రమాదం ఎక్కువున్నవి, కొద్దిగా ఉన్నవి, లేనట్టే అనుకోదగ్గవి. ఉద్యోగానికి ఎవరిని తీసుకోవాలి, ఎవరికి లోన్ ఇవ్వొచ్చు అని తేల్చే ప్రోగ్రాములు రెండో వరసలో ఉన్నాయి. అయితే ఒక తేడా ఉంది. మందు ఎంత విషమో తేల్చడానికి ఏళ్లుగా స్థిరపడిన పద్ధతులున్నాయి. ఒక ఏఐ మోడల్ ఎంత ప్రమాదకరమో కచ్చితంగా కొలిచే పద్ధతి ఇంకా తయారవుతూనే ఉంది. ఈ రంగంలో సగం పని ఆ కొలత కనిపెట్టడమే.

ముందే ఎందుకు, ఏదైనా జరిగాక చూసుకోవచ్చు కదా అంటారేమో. ఎండోసల్ఫాన్ మీరు అమ్మే ఉంటారు. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద దాన్ని 1970ల నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో చల్లారు. సుప్రీంకోర్టు దేశమంతటా ఆపింది 2011లో. ఆలోపు అక్కడ ఎన్ని ఇళ్లలో పిల్లలు ఎలా పుట్టారో మీరు పేపర్లలో చదివే ఉంటారు.

ఇక ఈ ఏఐ ప్రమాదాలు నిజమా, సినిమా కథలా? నాకు తెలిసినంతలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేసింది. తెలంగాణలో రేషన్ కార్డుల ఏరివేతకు ఎన్నో శాఖల వివరాలు కలిపి చూసే కంప్యూటర్ వ్యవస్థను వాడారు, పేరు సమగ్ర వేదిక. దాదాపు 19 లక్షల కార్డులు పోయాయి. రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని రికార్డు చూపించిన కేసు కూడా బయటపడింది. ఇంటికెళ్లి చూడకుండా తీసేశారని కోర్టుకు వెళ్తే, రద్దయిన కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో రోబోలు లేవు, భూమిని ఆక్రమించడాలు లేవు. ఒక తప్పుడు లెక్క, దాన్ని అడిగే దిక్కులేని ఇల్లాలు, అంతే. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తవ్వి బయటపెట్టడానికి లెక్కలూ తెలియాలి, చట్టమూ తెలియాలి. రెండూ తెలిసినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

రెండో రకం పెద్దది, వాదోపవాదాలున్నది. ఏఐకి పునాది వేసినవాళ్లుగా చెప్పుకునే ముగ్గురు జెఫ్రీ హింటన్, యోషువా బెంజియో, యాన్ లెకున్. కంప్యూటర్ సైన్సులో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డును 2018కి గాను ముగ్గురూ పంచుకున్నారు. హింటన్ 2023లో గూగుల్ నుంచి బయటికొచ్చి, మనకంటే తెలివైన యంత్రాలు మన చేయి దాటిపోవచ్చని హెచ్చరించడం మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఏఐ ప్రమాదాన్ని మహమ్మారులు, అణుయుద్ధంతో సమానంగా చూడాలన్న 2023 మే నాటి ప్రకటన మీద హింటన్, బెంజియో సంతకాలు చేశారు. ఆ యంత్రాలను తయారుచేస్తున్న కంపెనీల అధిపతులు కూడా చేశారు. లెకున్ మాత్రం ఇదంతా అతిగా భయపడటం అంటారు. ఒకే బడిలోంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. మీ అమ్మాయి ఆ ఇద్దరి మాటలు ఎన్ని గంటలు విందో, లెకున్ మాటలూ అన్ని గంటలు వినమనండి. ఒకవైపే వింటే నమ్మకం మిగులుతుంది తప్ప చదువు రాదు.

ఇందులో సాంకేతికంగా అసలు చిక్కేమిటో మీకు ఒక ముక్కలో చెప్తాను. 2016లో ఓపెన్‌ఏఐ (తర్వాత చాట్‌జీపీటీ తెచ్చిన కంపెనీ) వాళ్లు ఒక పడవ పందెం వీడియోగేమును ఏఐతో ఆడించారు. పాయింట్లు ఎక్కువ తెచ్చుకో అని దానికి లక్ష్యం. అది పందెం పూర్తి చేయడం మానేసి, పాయింట్లు దొరికే ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, వేరే పడవలను గుద్దుకుంటూ, నిప్పంటుకున్నా ఆగకుండా పాయింట్లు పోగేసింది. చెప్పిన పని చేసింది, కావలసిన పని చేయలేదు. ర్యాంకులు తెమ్మంటే పిల్లలతో బిట్లు బట్టీ పట్టించి ఫిజిక్స్ వదిలేసే కాలేజీలు మనకు కొత్తా? ఆటలో అయితే నవ్వుకోవచ్చు. అదే తీరు ఆసుపత్రిలోనో కరెంటు గ్రిడ్‌లోనో ఉంటే ఎలా అన్నదే ప్రశ్న.

జీతం సంగతి. ఇక్కడ నేను తీపి మాటలు చెప్పను. ‘ఏఐ సేఫ్టీ’ అని బోర్డు పెట్టుకున్న ఉద్యోగాలు మన దేశంలో ఇంకా కొద్దే. పేరున్న పరిశోధన బృందాలు ఎక్కువగా లండన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్నాయి, పోటీ విపరీతం. ప్రభుత్వ విధానాల మీద పనిచేసే పాలసీ సంస్థల్లో మొదటి జీతం చూసి పక్కింటివాళ్ల సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చుకుంటే మీకు మనసు కష్టంగా ఉంటుంది. అయితే గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. 2023 నవంబరులో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో 28 దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి ఏఐ భద్రత మీద ప్రకటన చేశాయి. చైనా ఉంది, మనమూ ఉన్నాం. 2025 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం ఇండియాఏఐ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించింది. ఐఐటీ మద్రాసులో బాధ్యతాయుత ఏఐ కోసం ఒక కేంద్రమే నడుస్తోంది. 2025 జూన్‌లో గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ను హైదరాబాద్‌లో తెరిచింది. బ్యాంకులు, బీమా కంపెనీలకు తమ మోడళ్లను తనిఖీ చేసే మనుషులు కావాలి. ఈ రంగంలో ఉద్యోగం దొరకలేదనుకోండి, ఈ చదువుతో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఏ అడ్డూ లేదు. మీ భయానికి నా జవాబు అదే.

అయితే ఏం చదివించాలి? బ్రాంచి పేరులో ఏఐ ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఈ విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువ. కాలేజీలు పేరు మార్చి సీట్లు నింపుకుంటున్నాయి, సిలబస్ తెరిచి చూస్తే నాలుగు సబ్జెక్టులు అటూ ఇటూ. లెక్కలు, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్పే చోటు ముఖ్యం. మంచి కాలేజీలో మామూలు సీఎస్‌ఈ, ఓ మోస్తరు కాలేజీలో ఏఐ అండ్ ఎంఎల్ కంటే మేలు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్సుతో పాటు మానవశాస్త్రాలు కలిపి చదివే ఐదేళ్ల కోర్సు ఉంది, యూజీఈఈ అనే వేరే పరీక్ష రాయాలి. మీ అమ్మాయి మాటలు వింటే అది ఆమె కోసమే పెట్టినట్టుంది. లెక్కల మీద నిజంగా ప్రేమ ఉంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్ ప్రవేశపరీక్ష కూడా రాయించండి. మనవాళ్లు ఎందుకో దాని వంక చూడరు.

పబ్లిక్ పాలసీని ఇంటర్ కాగానే పట్టుకోవద్దని నా సలహా. ముందు ఒక విద్య చేతిలో ఉండాలి, పాలసీ దాని మీద కట్టాలి. డిగ్రీ అయ్యాక బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో, హైదరాబాద్‌లోని కౌటిల్య స్కూల్‌లో మాస్టర్స్ ఉన్నాయి. ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పాటు పనిచేయించే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. బీటెక్ చదివి అటు వెళ్లిన పిల్ల పార్లమెంటు కమిటీ కాగితం చదివినప్పుడు, అందులో సాంకేతికంగా కుదరని మాట ఎక్కడుందో పట్టుకోగలదు. చట్టమే ఇష్టమైతే మాత్రం లా ప్రవేశపరీక్ష క్లాట్ రాసి హైదరాబాద్‌లోని నల్సార్‌కో, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకో వెళ్లే దారి ఇప్పుడే ఉంది.

‘ప్రపంచ సమస్యలు’ అంటే ఏఐ ఒక్కటే కాదని కూడా ఆమెకు చెప్పండి. మీ షాపులోనే ఇంకో కథ ఉంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే శాస్త్రవేత్త మంచి పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే నాడీ విషవాయువును కనిపెట్టాడు. మీరు అమ్మే క్లోరిపైరిఫాస్‌కు అది దూరపు చుట్టం. రైతుకు పనికొచ్చే రసాయనానికీ సైనికుడిని చంపేదానికీ మధ్య గీత అంత సన్నం. 1993లో రసాయన ఆయుధాల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఇన్‌స్పెక్టర్లు దేశదేశాల ఫ్యాక్టరీలకు వెళ్లి చూస్తారు. మన దేశం తన నిల్వలను 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది. అదే జీవాయుధాల ఒప్పందం 1972 నాటిది, కానీ దానికి తనిఖీ వ్యవస్థ ఈ రోజుకీ లేదు. ఏఐ ఒప్పందాలు ఈ రెంటిలో దేని దారి పట్టాలన్నది ఇప్పుడు చర్చల్లో ఉన్న విషయం. పదేళ్ల తర్వాత మీ అమ్మాయి ఆ గదిలో కూర్చుని మాట్లాడితే నేను ఆశ్చర్యపోను. నాలుగేళ్ల కిందట ఒక అబ్బాయి ఇదే కోరిక చెప్తే నవ్వి, ‘ముందు సీటు తెచ్చుకో నాయనా’ అన్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

రాత్రి వీడియోల సంగతి వదలకండి. తెలుసుకోవడానికి చూస్తోందా, భయంతో ఆపలేక చూస్తోందా అన్నది పక్కన కూర్చుంటే తెలుస్తుంది. నిద్ర పట్టకపోవడం, ‘చదివి ఏం లాభం, ఎలాగూ అంతా పోతుంది’ లాంటి మాటలు వినిపిస్తే, కెరీర్ చర్చ ఆపేసి డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించండి.

తప్పులు వెతుకుతుందని కదా మీ ఫిర్యాదు. ఈ రంగంలో దానికే జీతం ఇస్తారు. ఎంతమందిలో ఉంటుందండీ ఆ గుణం? పరీక్షించి చూసుకోవాలంటే ఇదిగో పని. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఒకటి గమనించారు. ఇంగ్లీషులో అడిగితే ఓపెన్‌ఏఐ వారి జీపీటీ-4 మోడల్ కుదరదన్న ప్రమాదకరమైన ప్రశ్నలను దక్షిణాఫ్రికాలోని జులు లాంటి, నెట్‌లో తక్కువగా ఉన్న భాషల్లోకి మార్చి అడిగితే చాలాసార్లు జవాబు చెప్పేసింది. కాపలా అంతా ఇంగ్లీషు గుమ్మం దగ్గరే ఉందన్నమాట. మరి తెలుగు సంగతేమిటి? ఈఏపీసెట్ అయిపోగానే మీ అమ్మాయిని ఒక యాభై ప్రశ్నలు రాయమనండి. మిరపలో నల్ల తామర పురుగుకు ఏ మందు, ఎకరానికి ఎంత, ఏ రెండు మందులు కలపకూడదు, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలి. రైతు మీ కౌంటరు దగ్గర నిలబడి అడిగే మాటల్లోనే రాయాలి. వాటినే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండు మూడు చాట్‌బాట్‌లను అడిగి, జవాబులు పక్కపక్కన పట్టికలో పెట్టాలి. ఎక్కడ మోతాదు తప్పింది, ఎక్కడ నిషేధించిన మందు పేరు చెప్పింది, ఎక్కడ తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడింది అని గుర్తులు పెట్టాలి.

ఆ పట్టిక పది పేజీల రిపోర్టయితే, కాలేజీలో ఏ ప్రొఫెసరుకు చూపించినా ఇంటర్న్‌షిప్ మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది. నెల తిరిగేలోపు ఆమెకు విసుగు పుడితే అదీ మీకు తెలిసిపోతుంది, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే టైముకు. కాకపోతే ఆ యాభై ప్రశ్నలకు సరైన జవాబులు ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. మీ ఇంట్లో ఆ పని మీరు తప్ప ఎవరూ చేయలేరు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి.